మితమైన ఖర్చులో మంచి మడత చాకును ఎంచుకోవడం ఎలా?

మడత చాకు గురించి నన్ను అడిగేవారి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుంది. మరీ చౌకరకం మీద నమ్మకం లేదు, మరీ ఖరీదైనదానికి మనసొప్పదు, ఈ రెండింటి నడుమ పదేళ్లపాటు వాడుకోగలిగిన చాకు ఒకటి కావాలి, దానిని ఏం చూసి కొనాలి? ఇలా అడిగేవారిలో చాలామంది ఉక్కు పేరు ఒకటి చెబితే చాలునంటారు. ఉక్కు ముఖ్యమే, కాని దానికంటే ముందు చూడవలసినవి రెండున్నాయి: పదునంచుకు సరిగ్గా పైభాగంలో బ్లేడు ఎంత పలుచగా ఉంది, తెరిచిన తరువాత అది ఎంత స్థిరంగా నిలుస్తోంది. ఈ రెండూ సరిగా ఉన్న చాకు సాధారణమైన ఉక్కుతో చేసినదైనా మీ చేతిలో చక్కగా పనిచేస్తుంది. ఇవి సరిగా లేని చాకుకు ఎంత పేరున్న ఉక్కు వాడినా ఆ డబ్బు వృథాయే.

ఈ సంగతి నాకు నా మొదటి చాకు వల్లే తెలిసింది. బలంగా ఉంటుందని నమ్మి, వెన్ను (పదునంచుకు ఎదుటి అంచు) దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మందమున్న చాకును కొన్నాను. దాని అంచు ముంజేతి వెంట్రుకలను నున్నగా గొరిగేది. అయినా పండును కోయబోతే బ్లేడు సగం దాకా దిగాక పండు టప్పున చీలి, కోసినట్టు కాక విరిచినట్టు రెండు చెక్కలయ్యేది. అట్టపెట్టెను కోయబోతే మధ్యలో బిగుసుకుపోయేది. లోపం పదునులో లేదు. అంచు వెనకనే బ్లేడు కట్టెలు చీల్చే గొడ్డలిలా మందంగా ఉండటం వల్ల అది కోసుకుంటూ పోకుండా చీల్చుకుంటూ పోయేది. మీరు కొనేది అలాంటిది కాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక స్కేలు. వీలైతే వెర్నియర్ కాలిపర్.
- పలుచని వార్తాపత్రిక కాగితం రెండు మూడు తావులు, మామూలు తెల్ల కాగితం ఒకటి.
- బాగా వెలిగే దీపం లేదా టార్చి.
- టీ6, టీ8 కొలతల టార్క్స్ (ఆరు మొనల నక్షత్రం ఆకారపు) స్క్రూడ్రైవర్లు. ఆధునిక మడత చాకుల స్క్రూలు ఎక్కువగా ఈ కొలతల్లోనే ఉంటాయి.
- ఒక చుక్క పలుచని మినరల్ ఆయిల్.
- సానరాయి. మీరు అనుకున్న మొత్తంలో నాలుగో వంతును ముందే దీనికోసం పక్కన పెట్టండి. చాకుకే అంతా ఖర్చు చేసి, మూడు నెలలకు అది మొద్దుబారితే సొరుగులో పడేసినవారిని చాలామందిని చూశాను.

1. ముందుగా చాకుతో చేయబోయే పనులను రాసుకోండి

ఒక వారంపాటు చాకు అవసరమైన ప్రతిసారీ ఆ పనిని కాగితం మీద రాయండి. పార్సిలు విప్పడం, తాడు కోయడం, పండు కోయడం, పుల్ల చెక్కడం, తీగ మీది ప్లాస్టిక్కు ఒలవడం వంటివే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ పనులకు 7 నుంచి 8.5 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది. అంతకంటే పొడవైనది జేబులో బరువు, చూసేవారికి బెరుకు. బరువు 60 నుంచి 110 గ్రాముల మధ్య ఉంటే రోజంతా జేబులో ఉన్నా ఇబ్బంది కలగదు; 130 గ్రాములు దాటిన చాకును నాలుగు రోజులు మోసి, ఐదో రోజున ఇంట్లో వదిలి వెళ్లడమే సాధారణంగా జరుగుతుంది.

మీ జాబితాలో వంటపనే ఎక్కువగా ఉంటే మడత చాకుకు బదులు వంటింటి కత్తి కొనుక్కోండి. కీలు సందుల్లో చేరే తడినీ ఆహారపు తునకలనూ రోజూ శుభ్రం చేయడం ఎవరివల్లా కాదు.

2. మీరు ఉండే చోట చట్టం ఏమంటుందో చూసుకోండి

బ్లేడు పొడవు, తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే లాకు ఉండటం, మీట నొక్కితే తనంతట తాను తెరుచుకోవడం అనే మూడు విషయాల మీద చాలా దేశాల్లో ఆంక్షలున్నాయి. ఉదాహరణకు బ్రిటన్‌లో బహిరంగ ప్రదేశంలో తగిన కారణం చూపకుండా వెంట ఉంచుకోదగినది 3 అంగుళాలకు మించని, లాకు లేని మడత చాకు మాత్రమే. మీ ప్రాంతపు నియమాన్ని అధికారిక వనరులో చదివి తెలుసుకోండి. అమ్మేవారి మాటను నమ్ముకోవద్దు. విమానంలో చాకును చేతిసంచిలో తీసుకుపోనివ్వరు కనుక సరుకులో వేసే పెట్టెలోనే సర్దుకోండి.

3. బ్లేడు తెరిచి ఉండే పద్ధతిని నిర్ణయించుకోండి

లాకు లేని చాకు: పిడి వెన్నులో ఉన్న స్ప్రింగు బిగువే బ్లేడును తెరిచి ఉంచుతుంది. స్విట్జర్లాండులో 1884లో కార్ల్ ఎల్సెనర్ ప్రారంభించిన విక్టోరినాక్స్ సంస్థ చేసే చాకుల్లో ఎక్కువ భాగం ఈ రకానివే. కోతకు ఇవి భేషైనవి. మొనతో పొడిచి రంధ్రం చేయడం వంటి పనులకు మాత్రం వీటిని వాడకూడదు, ఎందుకంటే ఒత్తిడి తిరగబడితే బ్లేడు మీ వేళ్ల మీదికే మూసుకుంటుంది. తోలుబెల్టుకు రంధ్రం చేయబోయి నా చూపుడువేలు ఇలాగే కోసుకున్నాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఉంగరపు లాకు: ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో పుట్టిన ఒపినెల్ చాకుకు 1955లో అమర్చిన పద్ధతి ఇది. పిడి మెడ దగ్గరున్న లోహపు ఉంగరాన్ని తిప్పితే బ్లేడు నిలిచిపోతుంది. విరిగిపోయే భాగాలు ఇందులో దాదాపు లేవు. పిడి చెక్కది కావడంతో తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుందన్నది ఒక్కటే లోపం. తక్కువ ఖర్చులో బాగా కోసే చాకు కావాలంటే నేను మొదట చెప్పే పేరు ఇదే. దీని 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు ఉంటుంది.

వెన్ను లాకు: బక్ 110 అనే చాకు 1964లో వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. పిడి వెన్ను మీదున్న మీటను నొక్కితే లాకు విడిపోయి బ్లేడును మూయవచ్చు. ఇది గట్టి లాకే కాని, ఒంటిచేత్తో మూయడానికి కొంత అభ్యాసం కావాలి.

లైనర్ లాకు, ఫ్రేమ్ లాకు: పిడి లోపలి రేకు గాని, పిడి పక్కభాగమే గాని బ్లేడు వెనకకు జరిగి అడ్డుగా నిలుస్తుంది. మితమైన ధరలో దొరికే చాకుల్లో ఇవే ఎక్కువ. తయారీలో నాణ్యత తేడా అన్నిటికంటే స్పష్టంగా బయటపడేది కూడా వీటిలోనే కనుక, ఎనిమిదో అడుగులోని పరీక్షలు వీటికి తప్పనిసరి.

అడ్డుకడ్డీ లాకు: 1998లో బెంచ్‌మేడ్ సంస్థ యాక్సిస్ పేరుతో తెచ్చిన పద్ధతి; పిడిలో అడ్డంగా ఉండే చిన్న కడ్డీ బ్లేడును పట్టి ఉంచుతుంది. పేటెంటు గడువు ముగిసినందువల్ల ఇప్పుడు అనేక సంస్థలు ఇదే పద్ధతిలో, అందుబాటు ధరల్లోనూ చేస్తున్నాయి. మూసేటప్పుడు వేలు బ్లేడు దారికి అడ్డం రాదు, కుడి ఎడమ చేతులు రెంటికీ వీలుగా ఉంటుంది. ఎడమచేతి వాటం ఉన్నవారు ముందుగా దీనినే పరిశీలించాలి.

4. బ్లేడు మందాన్నీ ఆకారాన్నీ చూడండి

ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. చాకు వివరాల్లో ప్రకటించే మందం వెన్ను దగ్గరిది. రోజువారీ పనులకు అది 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అయితే కోతను అసలు నిర్ణయించేది, సానపట్టిన సన్నని అంచు ముగిసి బ్లేడు పక్కభాగం మొదలయ్యే గీత దగ్గరి మందం. ఆ చోట 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటే చాకు హాయిగా కోస్తుంది. 0.8 దాటితే నా మొదటి చాకులాగే చీలుస్తుంది.

కాలిపర్ ఉంటే చాకును దగ్గర పెట్టుకుని కొలవండి. లేకపోతే ఇలా చేయండి: మామూలు తెల్ల కాగితాన్ని రెండుసార్లు మడిస్తే వచ్చే నాలుగు పొరల మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు, బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పట్టుకుని, బ్లేడును మొనవైపు నుంచి కంటికి ఎదురుగా ఉంచి పోల్చండి. మీ కన్ను చెప్పేది కాగితం వైపు ఉంటే మంచిది, కార్డు వైపు ఉంటే వేరే చాకు చూడండి. దూరం నుంచి తెప్పించుకునేటట్లయితే బ్లేడును మొనవైపు నుంచి తీసిన ఫోటో పంపమని అమ్మేవారిని అడగండి. సాన అంచు పక్కనుంచి చూస్తే చాలా వెడల్పుగా కనిపించే చాకు తరచుగా మందమైనదే అయి ఉంటుంది.

సాన పెట్టే తీరులో, వెన్ను నుంచి అంచు దాకా ఒకే వాలుగా దిగే సమతలపు సాన రోజువారీ పనులకు అన్నింటికంటే అనుకూలం. పక్కలు లోపలికి గుంటగా ఉండే సాన పైపై కోతలకు బాగుంటుంది, లోతైన అట్టలో మాత్రం ఆగుతుంది. బ్లేడు ఎత్తులో సగం నుంచి మాత్రమే వాలు మొదలయ్యేది బలానికి పనికొస్తుంది కాని కోతలో వెనకబడుతుంది. ఆకారం విషయానికొస్తే, వెన్ను కొద్దిగా కిందికి వాలి మొన మధ్యగీతకు దగ్గరగా ఉండే బ్లేడును ఎంచుకోండి. అది ఏ పనిలోనూ నిరాశపరచదు. రెండు వైపులా పదును, వెన్ను మీద రంపపు పళ్లు, విచిత్రమైన వంపులు ఉన్న బ్లేడ్ల జోలికి వెళ్లకండి. సగం అంచుకు పళ్లున్న బ్లేడు తాళ్ల పని ఎక్కువగా ఉన్నవారికి మాత్రమే సాయపడుతుంది, ఆ పళ్లకు ఇంట్లో సాన పట్టడం కష్టం.

5. ఉక్కును చదవడం నేర్చుకోండి

ఉక్కు మీద జరిగే చర్చలకు అంతు లేదు. మీకు కావలసింది కొద్దిపాటి అవగాహన మాత్రమే. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ కొలతలో చెబుతారు. మడత చాకుకు 56 నుంచి 61 దాకా ఉండటం సరైనది. దానికంటే మెత్తనైతే అంచు త్వరగా వంగిపోతుంది, మరీ గట్టిదైతే అంచు పెళుసై చిన్న చిన్న పలుకులుగా రాలవచ్చు, సాన పట్టడమూ కష్టమవుతుంది. విక్టోరినాక్స్ చాకులు 55-56 దగ్గర ఉంటాయి. త్వరగా మొద్దుబారుతాయి, రెండు నిమిషాల్లో మళ్లీ పదునెక్కుతాయి.

మితమైన ధరలో కనిపించే ఉక్కుల్లో 8సీఆర్13ఎంఓవీ, ఏయూఎస్-8 అనేవి నడిమి తరగతివి, తేలికగా సానపడతాయి, రోజువారీ వాడకానికి చాలు. 12సీ27, 14సీ28ఎన్ అనేవి స్వీడన్ దేశపు ఉక్కులు. వీటిలో 14సీ28ఎన్‌కు తుప్పును తట్టుకోవడం, సన్నని అంచును నిలుపుకోవడం, సులభంగా సానపడటం అనే మూడు గుణాలూ కుదిరాయి. మీ పరిమితిలో ఇది దొరికితే మరొకదాని కోసం వెతకనక్కరలేదని నా అభిప్రాయం. డీ2 అనేది నిజానికి పనిముట్ల ఉక్కు, సుమారు 1.5 శాతం కర్బనం, 12 శాతం క్రోమియం ఉంటాయి. పదును చాలాకాలం నిలుస్తుంది, కాని అందులోని క్రోమియంలో చాలా భాగం కర్బనంతో కలిసిపోవడంతో పూర్తి స్టెయిన్‌లెస్ కాలేదు. చెమట పట్టే జేబులో, సముద్రపు గాలిలో, పుల్లని పండ్ల రసం తగిలినప్పుడు దాని మీద మచ్చలు పడతాయి. 1095 వంటి కర్బన ఉక్కు అద్భుతంగా కోస్తుంది, వాడిన ప్రతిసారీ తుడిచి ఆరబెట్టే ఓపిక ఉంటేనే తీసుకోండి. వీజీ-10, 154సీఎం వంటివి ఈ ధర పరిధికి పైఅంచున అప్పుడప్పుడు దొరుకుతాయి.

ఒకే పేరున్న ఉక్కు రెండు సంస్థల చేతుల్లో రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు, ఎందుకంటే దానిని కాచి చల్లార్చిన తీరే దాని గట్టిదనాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల గొప్ప ఉక్కును వాడిన తెలియని సంస్థ కంటే, సాధారణ ఉక్కును ఏళ్ల తరబడి ఒకే తీరుగా చేస్తున్న సంస్థను నమ్మడం మేలు.

హెచ్చరిక: బ్లేడు మీద ఉక్కు పేరు లేకుండా 'స్టెయిన్‌లెస్', 'సర్జికల్ స్టీల్' అని మాత్రమే ఉంటే కొనవద్దు. '440' పక్కన అక్షరం లేకుంటే దానిని 440సీగా (ఆ వరుసలో మెరుగైన ఉక్కుగా) భావించకండి. మెరుగైనది వాడిన సంస్థ ఆ అక్షరాన్ని దాచుకోదు. డమాస్కస్ పేరుతో అలల గీతలు కనిపించే చవక బ్లేడ్లలో ఆ గీతలు చాలావరకు పైపైన ముద్రించినవే.

6. పిడిని చేత్తోనే నిర్ణయించుకోండి

కళ్లు మూసుకుని చాకును పది సెకన్లు గట్టిగా పట్టుకోండి, తరువాత అరచేతిని చూడండి. ఎర్రని గీత ఎక్కడ పడిందో అక్కడే పది నిమిషాల పని తరువాత పొక్కు లేస్తుంది. చాలా చాకుల్లో ఆ గీతకు కారణం జేబుకు తగిలించే క్లిప్పు. క్లిప్పును మరో వైపుకు మార్చుకునే రంధ్రాలున్నాయో లేదో చూసుకోండి.

గాజునారతో బలపరచిన నైలాన్ పిడి తేలికైనది, చవకైనది, దాని చవకదనాన్ని చూసి చిన్నచూపు చూడనక్కరలేదు. జీ10 (గాజునారను రెసిన్‌తో అదిమి చేసినది), మైకార్టా (గుడ్డను గాని కాగితాన్ని గాని రెసిన్‌తో అదిమి చేసినది) పిడులు తడిచేతిలోనూ జారవు. నున్నని లోహపు పిడి చూడటానికి అందంగా ఉండి చలిలోనూ చెమటలోనూ ఇబ్బంది పెడుతుంది. చెక్క పిడి నాకు చాలా ఇష్టం, నీటిపని ఉన్నవారికి మాత్రం సిఫారసు చేయను.

7. అమ్మేవారిని పరిశీలించండి

పేరున్న చాకులకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి. తయారీ సంస్థ తన అధికారిక విక్రేతల జాబితా ప్రకటించినట్లయితే అందులోని వారి దగ్గరే కొనండి. అన్నిచోట్లా ఉన్న ధరలో సగానికే అసలైనది ఇస్తామంటే అది నకిలీ అనే అనుకోండి. వచ్చిన చాకు మీది అక్షరాలను సంస్థ ప్రచురించిన ఫోటోతో పక్కపక్కన పెట్టి, అక్షరాల మధ్య దూరం, గీతల పదును, స్క్రూల ఆకారం పోల్చండి. తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో ముందే తెలుసుకోండి. కింది పరీక్షలన్నీ ఆ గడువులోనే ముగించాలి.

8. చేతికి వచ్చిన రోజునే ఈ పరీక్షలు చేయండి

క్రమం మార్చకండి. పదును పరీక్షను చివరికి ఉంచడానికి కారణం, కోసిన ఆనవాళ్లున్న చాకును కొందరు తిరిగి తీసుకోకపోవడమే.

(అ) మూసి చూడండి. మూసిన బ్లేడును పై నుంచి చూస్తే రెండు పక్కల రేకులకూ సమానదూరంలో ఉండాలి. కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉంటే దోషం కాదు, స్క్రూతో సరిచేయవచ్చు. రేకును రాసుకుంటున్నదైతే తిరిగి పంపండి.

(ఆ) వెలుతురుకు ఎదురుగా పట్టండి. లాకు లేని చాకులో ఇది చాలా విషయాలు చెబుతుంది. స్ప్రింగుకూ పక్కరేకులకూ మధ్య నుంచి దీపపు కాంతి సన్నని గీతలా కనిపిస్తే అతుకు సరిగా లేదని అర్థం. ఆ సందులో మురికి, తడి చేరతాయి. ఇదే చాకును నెమ్మదిగా తెరిచి చివరన వదిలితే స్ప్రింగు బ్లేడును స్పష్టమైన 'టక్' శబ్దంతో తన స్థానానికి లాక్కోవాలి. మూసేటప్పుడూ అంతే. మెత్తగా, నీరసంగా జారిపడే స్ప్రింగు ఇప్పటికే అలసిపోయినట్టు లెక్క. అలాగని గోరు విరిగేంత బిగువూ మంచిది కాదు.

(ఇ) కదలికను పట్టుకోండి. చాకును తెరిచి, ఒక చేత్తో పిడిని, మరో చేతి బొటనవేలితోనూ చూపుడువేలితోనూ బ్లేడు వెన్నును మొనకు దగ్గరగా పట్టుకుని, ముందు పక్కలకు, తరువాత పైకీ కిందికీ మెల్లగా కదపండి. పక్కలకు కొద్దిగా కదిలితే కీలు స్క్రూ బిగిస్తే పోతుంది. పైకీ కిందికీ కదిలితే అది లాకులోనే ఉన్న లోపం, స్క్రూ బిగించినంతమాత్రాన పోదు. వెన్ను లాకుల్లో అతి స్వల్పమైన ఊపును సహించవచ్చు, మిగిలినవాటిలో సహించకండి.

(ఈ) లాకు ఎంతవరకు జరిగిందో చూడండి. లైనర్ లాకులో, ఫ్రేమ్ లాకులో ఆ రేకు బ్లేడు అడుగుభాగపు వెడల్పులో నాలుగో వంతు నుంచి సగం వరకు జరిగి నిలవాలి. అంచును మాత్రమే తాకితే జారిపోయే ప్రమాదముంది. కొత్త చాకులోనే అవతలి అంచు దాకా జరిగి ఉంటే, అరిగేకొద్దీ జరగడానికి ఇక చోటుండదు. తరువాత వేళ్లన్నింటినీ బ్లేడు దారి నుంచి తప్పించి, పిడి పక్కలను మాత్రమే పట్టుకుని, వెన్ను మీద అరచేత్తో పదిసార్లు నిలకడగా ఒత్తండి. ఒక్కసారి జారినా ఆ చాకును ఉంచుకోవద్దు.

హెచ్చరిక: చాకు వెన్నును బల్లకేసి గట్టిగా కొట్టి లాకును పరీక్షించే వీడియోలను అనుకరించకండి. మంచి లాకు దానివల్ల పాడవుతుంది, చెడ్డదైతే మీ వేళ్లు తెగుతాయి.

(ఉ) మూసినప్పుడు ఆగుతోందా? ఒంటిచేత్తో తెరిచే చాకును మూసి, మెత్తని గుడ్డ పరచిన చోట బ్లేడు బయటికి వచ్చే వైపును కిందికి తిప్పి రెండు మూడుసార్లు ఊపండి. బ్లేడు తనంతట తాను బయటికి రాకూడదు. వచ్చేదైతే జేబులో అది చేయి పెట్టినప్పుడల్లా ప్రమాదమే.

(ఊ) అంచును చూడండి. దీపం కింద పదునంచును కంటికి ఎదురుగా పట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నిజమైన పదును కాంతిని తిప్పికొట్టదు. నల్లని గీతలా మాయమవుతుంది. ఎక్కడైనా తెల్లని చుక్క గాని గీత గాని మెరిస్తే అక్కడ మొద్దుబారి ఉందనో, చిన్న నొక్కు పడిందనో అర్థం. సాన అంచు వెడల్పు రెండు వైపులా సమానంగా, మడమ (పదునంచులో పిడికి దగ్గరి చివర) నుంచి మొన దాకా ఒకే తీరుగా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

(ఋ) చివరగా కాగితం కోయండి. వార్తాపత్రిక తావును ఒక చేత్తో వేలాడదీసి, బ్లేడు మడమ దగ్గర మొదలుపెట్టి మొన దాకా లాగుతూ కోయండి. శబ్దాన్ని వినండి: నిలకడగా సన్నని 'సర్ర్' మనే ధ్వని వస్తే మంచిది. మధ్యలో పీకినట్టయి కాగితం చిరిగితే, చిరిగిన చోటు బ్లేడులో ఏ భాగానికి తగులుతుందో గుర్తుపెట్టుకుని (ఊ)లో చూసిన చుక్కతో సరిపోల్చండి. కొత్త చాకు సరైన పదునుతో రాకపోవడం అరుదేమీ కాదు. అది సాన పట్టితే పోయే లోపం, దాని కోసం చాకును వాపసు చేయనక్కరలేదు. (ఇ), (ఈ)లలోని లోపాలకు మాత్రం మొహమాటపడకండి.

9. కీలును సరిచేసుకుని నూనె వేయండి

బ్లేడు పక్కలకు కదిలితే కీలు స్క్రూను గడియారపు ముల్లు తిరిగే వైపుకు చాలా కొద్దిగా, పదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ తెరిచి మూసి చూడండి. కదలిక ఆగి, ఇంకా సాఫీగా తిరుగుతున్న చోటే ఆపాలి. స్క్రూ కదలకుండా బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పకండి. కర్మాగారంలో పూసిన జిగురు వల్ల అలా ఉంటుంది, తల అరిగిపోతే మళ్లీ తీయలేరు. సోల్డరింగ్ ఐరన్ మొనతో ఆ స్క్రూను కొద్దిసేపు వేడిచేస్తే జిగురు మెత్తబడుతుంది. నైలాన్ పిడికి మాత్రం ఇలా చేయవద్దు.

కీలు దగ్గర ఒక్క చుక్క నూనె చాలు. ఎక్కువ వేస్తే జేబులోని దూదిపోగులన్నీ అందులోకే చేరతాయి. వంటనూనె వాడకండి, కొన్నాళ్లకు అది జిగటగా మారి పట్టేస్తుంది.

10. మొదటిసారి సాన పట్టి, ఫలితాన్ని సరిచూసుకోండి

1000 నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి గరుకు తగ్గుతుంది) ఒకటి, వీలైతే 3000 లేదా 4000 నంబరు రాయి మరొకటి ఉంటే చాలు. డీ2 వంటి గట్టి ఉక్కుకు వజ్రపు పొడి పూసిన పలక త్వరగా పనిచేస్తుంది. ఒక్కో వైపుకు 17 నుంచి 20 డిగ్రీల కోణం మడత చాకుకు తగినది. ఆ కోణాన్ని కంటికి అలవాటు చేసుకోవడానికి కాగితపు మూలను మధ్యకు రెండుసార్లు మడవండి. 90 డిగ్రీలు 45, ఆపై 22.5 అవుతాయి. దానికంటే కాస్త తక్కువగా పట్టుకుంటే సరిపోతుంది.

సాన మొదలుపెట్టే ముందు అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రాయి మీద రెండుసార్లు లాగి చూడండి. రంగు అంచు చివర మాత్రమే పోతే వెన్నును ఎక్కువ ఎత్తారు. పైభాగంలో మాత్రమే పోతే తక్కువ ఎత్తారు. మొత్తం సమానంగా పోతే కోణం కుదిరింది. ఒక వైపున రుద్దుతూ పోతే ఎదుటి వైపున వేలికి సన్నని గరుకు తగులుతుంది. దీనినే బర్ అంటారు. అది మడమ నుంచి మొన దాకా అంతటా తగిలేవరకు వైపు మార్చకండి. సాన కుదరలేదనేవారిలో ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే ఉంది, అది రాకముందే వైపు మార్చేస్తారు. రెండో వైపు కూడా అలాగే చేశాక, చేతిబరువు తగ్గించి ఒక్కో వైపు ఒక్కోసారి చొప్పున తేలికగా లాగి ఆ గరుకును పోగొట్టండి. వేలిని అంచు వెంబడి కాకుండా, వెన్ను నుంచి అంచు బయటికి జార్చుతూ మాత్రమే తడిమి చూడాలి.

మళ్లీ దీపం కింద చూడండి, మళ్లీ కాగితం కోయండి. అప్పుడే కోసి, మరుక్షణం మొద్దుబారినట్టు అనిపిస్తే గరుకు పూర్తిగా పోలేదు. తేలిక లాగుళ్లు మరో పది వేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు మరికొన్ని

ఒకే చాకులో స్క్రూడ్రైవరు, కత్తెర, రంపం అన్నీ కావాలనుకునేవారు ముందుగా రాసుకున్న జాబితాను మళ్లీ చూసుకోండి. పనిముట్లు పెరిగేకొద్దీ పిడి లావెక్కి, కోసేటప్పుడు చేతికి కుదరదు. జాబితాలో కత్తెర రెండుసార్లకు మించి కనిపిస్తే మాత్రం ఆ రకమే కొనండి, సంకోచించనక్కరలేదు.

చాకును మీటగా వాడి మూతలు పెకలించడం మరో పొరపాటు. పలుచని అంచు, సన్నని మొన కోసమే ఇంత శ్రమపడి ఎంచుకున్నాం. అవి అడ్డంగా వచ్చే ఒత్తిడికి విరుగుతాయి. విరిగిన మొనకు ఏ సంస్థ పూచీ పడదు.

చాకును తోలు ఒరలో నెలల తరబడి ఉంచేయడం వల్ల తోలులోని తేమ, ఆమ్లాలు బ్లేడు మీద మచ్చలు తెస్తాయి. వాడనప్పుడు ఒర బయట, పొడిచోట ఉంచండి.

తిరిగి పంపే గడువు ముగియడానికి రెండు రోజుల ముందు (ఇ), (ఈ) పరీక్షలను మరోసారి చేయండి. అప్పటికి చాకును వందసార్లైనా తెరిచి మూసి ఉంటారు. తొలిరోజు లేని ఊపు ఇప్పుడు కనిపించినా, లాకు రేకు సగం గీత దాటి ముందుకు జరిగినా, అరుగుదల ఇంత త్వరగా మొదలైన చాకు పదేళ్లు నిలవదు. దానిని తిప్పి పంపి మరొకటి తెప్పించుకోండి.